తాళ్లను తెంచిన తూటాలు: బహాయీ డాక్యుమెంటరీ చూసినవారి సందేహాలు

బహాయీ మతం తొలి రోజుల మీద తీసిన ఒక డాక్యుమెంటరీని మన పాఠకులు కొందరు ఈమధ్య చూశారు. 1844లో ఇరాన్‌లోని షిరాజ్‌లో సయ్యద్ అలీ మహమ్మద్ అనే యువ వర్తకుడు తనను ‘బాబ్’ (ద్వారం)గా ప్రకటించుకోవడంతో కథ మొదలవుతుంది. 1850లో ఆయన్ను తబ్రీజ్‌లో కాల్చి చంపుతారు. ఆ తరువాత, ఆయన అనుచరుల్లోంచి వచ్చి బహాయీ మతాన్ని స్థాపించిన బహాఉల్లా ప్రవాసాలు వస్తాయి. 1892లో పాలస్తీనాలోని అక్కా దగ్గర బహాఉల్లా కన్నుమూయడంతో సినిమా ముగుస్తుంది. ఉత్తరాల్లో మెచ్చుకోలు ఉంది, కోపం ఉంది, అన్నిటికన్నా అనుమానం ఎక్కువగా ఉంది.

జవాబులకు ముందు ఒక్క మాట. ఇలాంటి సినిమాలో మూడు రకాల సరుకు కలిసి ఉంటుంది: ఆ కాలంలోనే రాసిన కాగితం, ఏళ్లు గడిచాక రాసిన జ్ఞాపకం, ఇప్పుడు నటులతో తీసిన దృశ్యం. తెర మీద ఈ మూడింటికీ ఒకటే వ్యాఖ్యానం, ఒకటే నేపథ్య సంగీతం. వచ్చిన సందేహాల్లో సగం అక్కడ పుట్టినవే.

ప్రశ్న: 750 మంది సైనికులు ఎదురుగా నిలబడి కాలిస్తే ఒక్క తూటా తగలకపోవడం, తాళ్లు మాత్రం తెగడం... హాల్లో కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు నవ్వారు. ఇది చరిత్రా, దర్శకుడి కల్పనా? (తార్నాక నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కల్పన కాదు. అయితే మీరు తెర మీద చూసిన ప్రతి వివరానికీ ఒకే బరువు లేదు.

1850 జూలై 9 మధ్యాహ్నం, తబ్రీజ్‌లో సైనికుల బారకాసుల ఆవరణ. బాబ్‌నూ, ఆయనతోపాటే చస్తానని పట్టుబట్టిన అనీస్ అనే యువకుణ్ణీ గోడకు కట్టి వేలాడదీశారు. మూడు వరసలు, వరసకు 250 మంది, ఒక వరస తరువాత ఒకటి కాల్చడం అన్న లెక్క నబీల్ రాసిన వృత్తాంతంలోది. నబీల్ ఆ రోజు అక్కడ లేడు. 1887-88లో, అంటే దాదాపు 38 ఏళ్ల తరువాత, అప్పటికి బతికున్నవాళ్లు చెప్పినవీ తాను విన్నవీ కూర్చి రాశాడు. పైగా ఆయన విశ్వాసి. ఇంగ్లీషులో అది 1932లో వెలువడింది. సినిమాలు తీసేవాళ్లకు మొదట చేతికందేది అదే.

నబీల్ ఒక్కడే చెప్పి ఉంటే మీ నవ్వుకు అర్థం ఉండేది. కానీ టెహ్రాన్‌లో బ్రిటిష్ రాయబారిగా ఉన్న జస్టిన్ షీల్ అదే నెల 22న లండన్‌కు పంపిన నివేదికలో ఇదే సంగతి ఉంది. పొగ, దుమ్ము విడిపోయాక చూస్తే బాబ్ కనిపించలేదనీ, జనం ఆయన ఆకాశానికి వెళ్లిపోయాడన్నారనీ, తూటాలు కట్టు తాళ్లను తెంచాయనీ, తరువాత వెతికి పట్టుకొచ్చి కాల్చేశారనీ ఆయన రాశాడు. షీల్ కూడా కళ్లారా చూసినవాడు కాదు. కానీ విశ్వాసీ కాదు, మహిమ చాటవలసిన అవసరమూ లేదు, రాసింది పదమూడు రోజుల్లోపే. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు ఒకే మాట చెప్పారు కాబట్టి మొదటి విడత కాల్పులు విఫలమయ్యాయన్నది గట్టి విషయం.

ఇద్దరికీ తేడా వచ్చేది ఆ తరువాతి క్షణంలో. నబీల్ కథనంలో, అంతకుముందు మధ్యలో ఆపేసిన సంభాషణను బాబ్ ఒక గదిలో కూర్చుని తన లేఖకుడితో పూర్తి చేస్తూ కనిపిస్తాడు. షీల్ నివేదికలో గోడ మూల నుంచి లాక్కొచ్చారు. సినిమా మొదటిదాన్ని తీసుకుంది. తీసుకోవచ్చు, అది దాని ఇష్టం. రెండోది కూడా ఉందని ఒక్క వాక్యం చెప్పి ఉంటే నవ్వినవాళ్లలో కొందరు ఆగిపోయేవారు.

పొగ సంగతి కూడా చూడండి. ఆనాటివి గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకులు. ఆ తుపాకిమందు కాలితే దట్టమైన తెల్లటి పొగ లేస్తుంది. మొదటి 250 పేలాక వెనక వరసలకు గురి అంటూ ఏమీ మిగలదు. మొదటి దళం నాయకుడు సామ్ ఖాన్ క్రైస్తవుడు. ఈ పని తన మనసుకు ఇష్టం లేదని ముందే చెప్పాడనీ, మొదటి విడత తరువాత తన మనుషులను తీసుకుని వెళ్లిపోయాడనీ నబీల్ అంటాడు. రెండో దళం వచ్చి పని ముగించింది. ఇది దైవలీలా కాదా అన్నది ఏ కెమెరా తేల్చేది కాదు.

ప్రశ్న: బాబ్ ముఖం గానీ బహాఉల్లా ముఖం గానీ ఒక్కసారి కూడా చూపించలేదు. వెలుగు, వెనక నుంచి భుజం, అంతే. డబ్బుల్లేక నటుణ్ణి పెట్టలేదా? నెట్‌లో ఫొటోలు దొరుకుతున్నాయి కదా. (చాదర్‌ఘాట్)

జవాబు: బడ్జెట్‌కీ దీనికీ సంబంధం లేదు. ఈ ఇద్దరినీ బహాయీలు దైవ సందేశాన్ని తెచ్చినవారుగా భావిస్తారు కాబట్టి నాటకంలోనూ సినిమాలోనూ వారి పాత్రలను ఎవరూ వేయకూడదన్నది నియమం. నిజరూపాలు లేకపోలేదు. 1848లో ఉర్మియాలో ఒక చిత్రకారుడు బాబ్‌ను చూసి గీసిన చిత్రం ఉంది. బహాఉల్లాకు టర్కీలోని ఎదిర్నేలో తీసిన ఫొటో ఉంది. హైఫాలోని భాండాగారంలో యాత్రికులు వాటిని భక్తితో చూస్తారు. ఇంట్లో తగిలించరు, అచ్చు వేయరు. బహాఉల్లా కొడుకు అబ్దుల్ బహా విషయంలో ఈ పట్టింపు లేదు. ఆయన ఫొటోలే కాదు, 1912 అమెరికా పర్యటనలో తీసిన కదిలే దృశ్యాలూ ఉన్నాయి, సినిమాల్లో వాడతారు.

బాబ్‌ను నమ్మిన కవయిత్రి తాహిరాదంటూ నెట్‌లో తిరిగే ముసుగు లేని అమ్మాయి ఫొటోలను మాత్రం నమ్మకండి. ఆవిడ 1852లో చనిపోయింది. ఆవిడదని నిర్ధారించిన చిత్రం ఒక్కటీ లేదు.

ప్రశ్న: మహదీగా తిరిగి వస్తాడని షియాలు నమ్మే పన్నెండో ఇమామ్ అదృశ్యమైన వెయ్యేళ్లకు సరిగ్గా ఇది జరిగిందని సినిమాలో చెప్పారు. 874 నుంచి 1844కి 970 ఏళ్లే అవుతాయి. లెక్క తప్పు కదా? ప్రకటన రోజు కూడా ఒకచోట మే 22, ఒకచోట 23 అన్నారు. (దారుల్‌షిఫా)

జవాబు: లెక్క సరైనదే, క్యాలెండర్లు రెండు. పదకొండో ఇమామ్ మరణించి, పన్నెండో ఇమామ్ కనుమరుగైన సంవత్సరం హిజ్రీ 260. బాబ్ ప్రకటన హిజ్రీ 1260. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే కాబట్టి వెయ్యి హిజ్రీ సంవత్సరాలు మన లెక్కలో 970. ఊళ్లోనే ఉదాహరణ ఉంది. 1591లో చార్మినార్ లేచిన వేళకు హిజ్రీ లెక్క 1000కి చేరుకుంది. క్రీస్తుశకం 622 నుంచి కూడితే 969 ఏళ్లే వస్తాయి.

తేదీ తేడాకు కారణం రోజు ఎప్పుడు మొదలవుతుందన్నది. 1844 మే 22న పొద్దుగూకిన రెండు గంటల పదకొండు నిమిషాలకు షిరాజ్‌లోని ఇంట్లో, తనను మొదట నమ్మిన ముల్లా హుస్సేన్ ఎదుట బాబ్ మాట బయటపెట్టారు. సూర్యాస్తమయంతో కొత్త రోజు మొదలయ్యే పద్ధతిలో అది జమాదివల్ అవ్వల్ 5, అంటే అప్పటికే మర్నాటి తేదీ. అబ్దుల్ బహా పుట్టింది కూడా ఆ రాత్రే, టెహ్రాన్‌లో. ఆయన పుట్టినరోజును మే 23గా రాస్తారు. సబ్‌టైటిళ్లు రాసినవాళ్లు రెండు పద్ధతులను కలిపేయడంతో మీకు చిక్కు వచ్చింది.

ప్రశ్న: బాబీలందరినీ, అంటే బాబ్ అనుచరులను, గొర్రెపిల్లల్లా చూపించారు. వాళ్లు కత్తులు పట్టలేదా? షా మీద కాల్పులు జరిపింది వాళ్లు కాదా? (కూకట్‌పల్లి)

జవాబు: పట్టారు. కాల్పులు జరిపిందీ బాబీలే. సినిమా దీన్ని దాచలేదు గానీ వేగంగా దాటేసింది.

మాజందరాన్‌లోని షేక్ తబర్సీ దర్గా దగ్గర 1848 అక్టోబరు నుంచి 1849 మే దాకా బాబీలు కోట కట్టుకుని ప్రభుత్వ సేనతో పోరాడారు. రాత్రిపూట బయటికొచ్చి శిబిరాల మీద పడ్డారు. వాళ్లకు ఆహారం అయిపోయాక ప్రభుత్వ సేనవారు ఖురాన్ మీద ప్రమాణం చేసి ప్రాణాలకు అభయమిచ్చారు. బయటికి వచ్చాక చంపేశారు. వాళ్లు 313 మంది అని సినిమా చెప్పిన లెక్క దగ్గర జాగ్రత్త పడాలి. బద్ర్ యుద్ధంలో ప్రవక్త వెంట నిలిచినవాళ్ల సంఖ్య 313. మహదీ అనుచరుల సంఖ్య కూడా అదేనని షియా సంప్రదాయం. కోటలోకి తరువాత చేరినవాళ్లను కలిపితే ఇంకా ఎక్కువే. 1850లో నైరీజ్‌లోనూ, 1850-51లో జంజాన్‌లోనూ ఇలాంటి ముట్టడులే. ఆత్మరక్షణ అని బహాయీ చరిత్రలు, తిరుగుబాటు అని దర్బారు చరిత్రలు. కోట కట్టుకున్నారన్న సంగతి రెండింటిలోనూ ఉంది.

1852 ఆగస్టు 15న నసీరుద్దీన్ షా గుర్రం మీద వెళ్తుంటే కొందరు బాబీ యువకులు పిట్టలను కొట్టే రవ్వలు నింపిన పిస్తోళ్లతో కాల్చారు. రాజుకు చిన్న గాయాలే. ఆ తరువాత టెహ్రాన్‌లో జరిగింది ఊచకోత. షా కొలువులో ఉన్న ఆస్ట్రియా సైనికాధికారి ఫాన్ గూమోయెన్స్ ఆ చిత్రహింసలు చూడలేక రాసిన ఉత్తరం ఆ ఏడాదే యూరపు పత్రికలకెక్కింది. బహాఉల్లాను సియాచాల్ అనే నేలమాళిగ జైల్లో నాలుగు నెలలు గొలుసులతో ఉంచారు. కుట్రలో ఆయన చెయ్యి ఉన్నట్టు తేలలేదు. 1853 జనవరిలో కుటుంబంతో సహా బాగ్దాద్‌కు పంపేశారు.

దర్శకుడు ఇక్కడే ఒక మంచి మలుపును జారవిడిచాడని మా అభిప్రాయం. 1863లో బాగ్దాద్ విడిచే ముందు రిజ్వాన్ తోటలో గడిపిన 12 రోజుల్లో బహాఉల్లా మతం పేరిట కత్తి పట్టడాన్ని నిషేధించారు. తబర్సీని ఉన్నదున్నట్టు చూపించి ఉంటే ఈ నిషేధం ఎంత పెద్ద మార్పో ప్రేక్షకుడికి తెలిసేది. గొర్రెపిల్లలకు కత్తి పట్టవద్దని చెప్పవలసిన పనేముంది?

ప్రశ్న: తాహిరా ‘నన్ను చంపగలరు గానీ స్త్రీల విముక్తిని ఆపలేరు’ అన్నప్పుడు మా వరస మొత్తం లేచి నిలబడింది. నిజంగా అన్నదా? ఆమె బదష్త్‌లో ముసుగు తీసిన నెలలోనే అమెరికాలో మహిళల సభ జరిగిందన్నారు, రెండింటికీ సంబంధం ఉందా? (హిమాయత్‌నగర్)

జవాబు: ఆ మాటలు చాలా తరువాతి రచనల్లో కనిపిస్తాయి. ఆ రోజు పక్కనుండి రాసుకున్న కాగితమేదీ వాటికి ఆధారంగా లేదు. షా వైద్యుడిగా పనిచేసిన పోలాక్ తన 1865 పుస్తకంలో ఆమె మరణానికి తాను సాక్షినని, ఆమె అసాధారణ ధైర్యంతో చావును భరించిందని రాశాడు. ధైర్యానికి ఆధారం ఉంది, వాక్యానికి లేదు.

ఇరాన్‌లోని బదష్త్‌లో బాబీల సమావేశం 1848 వేసవిలో దాదాపు మూడు వారాలు నడిచింది. అక్కడ తాహిరా ముసుగు లేకుండా పురుషుల ముందుకు రావడం, కొందరు మొహాలు కప్పుకోవడం, ఒకతను గొంతు కోసుకోవడం నబీల్ రాసినవే. అమెరికాలోని సెనెకా ఫాల్స్ సభ అదే ఏడాది జూలై 19, 20 తేదీల్లో జరిగింది. ఒకరి సంగతి మరొకరికి తెలిసే వీలే లేదు. పక్కపక్కన పెట్టి చూపడం ఎడిటింగ్ బల్ల మీద జరిగిన పని.

ఆమెను కార్యకర్తగానే చూపి కవయిత్రిని వదిలేశారని మీరు రాసిన రెండో పేరాతో పూర్తిగా ఏకీభవిస్తున్నాం. ఫారసీ గజల్ తెలిసిన ఈ ఊళ్లో ఆ లోటు ఇంకా తెలుస్తుంది. ఇక్బాల్ 1932 నాటి తన ఫారసీ కావ్యంలో ఆమెను సూఫీ హల్లాజ్, కవి గాలిబ్‌ల సరసన నిలబెట్టాడు. ఆయన బహాయీ కాదు, ఆ మతాన్ని మెచ్చినవాడూ కాదు.

ప్రశ్న: సినిమా అయ్యాక మా కాలనీ వాట్సాప్‌లో ‘ఇది రష్యావాళ్లు పుట్టించిన మతం, బ్రిటిష్‌వాళ్లు పెంచిన మతం’ అని పోస్టులు. సాక్ష్యంగా రష్యా రాయబారి డైరీ, అబ్దుల్ బహా ‘సర్’ బిరుదు తీసుకుంటున్న ఫొటో పెట్టారు. (మలక్‌పేట)

జవాబు: ఫొటో అసలుది, డైరీ నకిలీది. డైరీని పట్టుకోవడానికి తేదీలు చాలు. దోల్గోరుకోవ్ ఇరాన్‌లో రాయబారిగా ఉన్నది 1845 నుంచి 1854 దాకా. ఆయన పేరిట 1940లలో ఇరాన్‌లో చలామణీలోకి వచ్చిన ఆ ‘డైరీ’ ఆయన్ను 1830లలోనే టెహ్రాన్‌లో తిప్పుతుంది. సియాచాల్ నుంచి విడుదలైన బహాఉల్లాకు రష్యా రాయబారి ఆశ్రయమిస్తానన్నమాట నిజమే. దాన్ని బహాయీ గ్రంథాలే చెబుతాయి. ఆయన కాదని, ఒట్టోమన్ ఏలుబడిలోని బాగ్దాద్‌ను ఎంచుకున్నారు.

బిరుదు 1920 ఏప్రిల్‌లో, హైఫాలో ఇచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనాలో కరువు వచ్చినప్పుడు అబ్దుల్ బహా తన గోధుమ నిల్వలు పంచిపెట్టినందుకు. ఆ ఉద్యమానికి అప్పటికి 76 ఏళ్లు. ఫొటో కింద ఏడాది వేస్తే వాదన దానంతటదే పడిపోతుంది. పోస్టుల్లో ఏడాది వేయకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది.

ప్రశ్న: ఢిల్లీలో బహాయీల లోటస్ టెంపుల్ స్థలానికి డబ్బిచ్చింది మన హైదరాబాదీ అని పక్క సీటాయన గర్వంగా చెప్పాడు. నిజమేనా? (సికింద్రాబాద్)

జవాబు: హైదరాబాదే, కానీ సింధ్‌లోది. 1953లో ఆర్దిషీర్ రుస్తంపూర్ అనే ఆయన జీవితకాలపు పొదుపంతా ఆ స్థలం కోసం ఇచ్చారు. గుడి 1986 డిసెంబరులో పూర్తయింది. తొలి చరిత్రలోనే భారతదేశం పేరు కావాలంటే ఇంకా వెనక్కి వెళ్లండి: బాబ్‌ను మొదట నమ్మిన 18 మందిలో షేక్ సయీద్ హిందీ అనే భారతీయుడు ఉన్నాడు. సినిమాలో ఆయన పేరైనా రాలేదు.

ప్రశ్న: బాబ్ తరువాత నాయకత్వం కోసం అన్నదమ్ముల మధ్య తగవు నడిచిందట. సినిమాలో అర నిమిషమే! (మెహిదీపట్నం)

జవాబు: అవును. బాబ్ నియమించినది బహాఉల్లా సవతి తమ్ముడు మీర్జా యహ్యాను. ఈయన్నే సుబ్హె అజల్ అంటారు. చీలిక బయటపడింది ఎదిర్నేలో, 1866-67 ప్రాంతంలో. 1868లో ఒట్టోమన్ ప్రభుత్వం బహాఉల్లాను అక్కాకూ, అజల్‌ను సైప్రస్‌కూ పంపింది. అజల్ 1912 దాకా బతికాడు. కేంబ్రిడ్జి పండితుడు బ్రౌన్ 1890లో ఇద్దరినీ కలిశాడు. విశ్వాసులు తీసిన సినిమాలో ఈ భాగం పొట్టిగానే ఉంటుంది. చరిత్ర విద్యార్థులకు చూపిస్తే ముందే చెప్పి కూర్చోబెట్టండి.

ప్రశ్న: మా గ్రంథాలయం హాల్లో 60 మందికి తెలుగు సబ్‌టైటిళ్లతో వేసి, చర్చ పెట్టాలనుకుంటున్నాం. గొడవ కాకుండా ఎలా? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: ముందు అనుమతి. డిస్క్ కొన్నా, చందా కట్టినా ఇంట్లో చూసుకునే హక్కే వస్తుంది. హాల్లో వేస్తామని నిర్మాతలకు మెయిల్ రాసి, జవాబును అచ్చు తీసి దగ్గర పెట్టుకోండి. టికెట్టు పెడితే, ఊరంతా పోస్టర్లు వేస్తే అది బహిరంగ ప్రదర్శన, సెన్సార్ సర్టిఫికెట్ అడుగుతారు.

సబ్‌టైటిళ్లు రెండు వరసలు దాటనివ్వకండి. వరసకు 35 అక్షరాల లోపు. ఏ ముక్కా ఒకటిన్నర సెకను కన్నా తక్కువ ఉండకూడదు. ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేయకపోతే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. కొన్ని ప్లేయర్లలో ఒత్తులు విడిపోయి ‘క్ష’ రెండు ముక్కలవుతుంది. అందుకే నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటుతో హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను వీడియోలోనే ముద్రించేయడం మేలు. తెలుగుకు కింద ఒత్తులుంటాయి కాబట్టి తెర అడుగు నుంచి పదో వంతు ఎత్తులో పెట్టండి, లేకపోతే ప్రొజెక్టర్ అంచు వాటిని కోసేస్తుంది. సబ్‌టైటిల్ మొదట్లో సరిగా ఉండి పోనుపోను మాటకన్నా ముందే వచ్చేస్తుంటే ఫ్రేమ్ రేటు తేడా: సెకనుకు 25 ఫ్రేములకు చేసినదాన్ని 23.976 సినిమాకు తగిలిస్తే నిమిషానికి రెండున్నర సెకన్లు ముందుకు జారుతుంది, గంటకు అది రెండున్నర నిమిషాలు. మొదటి అయిదు నిమిషాలు చూసి బాగుందనుకోకండి, చివరి అయిదు నిమిషాలు చూడండి.

పేర్లకు ఒకే వర్తనం పాటించండి. ‘బహాఉల్లా’ అని మొదలెట్టి మధ్యలో ‘బహుల్లా’ అన్నారంటే ఇద్దరు మనుషులనుకుంటారు. అబ్దుల్ బహాతో కలిపి ముగ్గురవుతారు. సభ్యుల చేతికి అరపేజీ కాలరేఖ ఇవ్వండి: 1844, 1850, 1852, 1853, 1863, 1868, 1892. ఏడు తేదీలు చాలు.

ఎనిమిది అడుగుల వెడల్పు తెర, 3,000 ల్యూమెన్ల పైబడిన ప్రొజెక్టర్ అరవై మందికి సరిపోతాయి. ఆఖరి వరస తెరకు 48 అడుగుల లోపు ఉండాలి. ముహర్రం మొదటి పది రోజులూ వద్దు. మిగతా రోజుల్లో మగ్రిబ్ తరువాత అరగంట ఆగి మొదలుపెడితే నమాజుకు వెళ్లేవాళ్లు మధ్యలో లేవనవసరం ఉండదు.

చర్చకు 45 నిమిషాలు. మైకు ప్రేక్షకుడి చేతికి ఇవ్వకండి, వాలంటీరు పట్టుకుని నిలబడాలి. లేకపోతే మొదటి ప్రశ్నే పది నిమిషాల ఉపన్యాసం. అంతకన్నా చీటీలు మేలు. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి విరామంలో పంచండి. వచ్చినవాటిని మూడు కుప్పలు చేయండి: ఇది జరిగిందా, మీరు ఇలా ఎందుకు నమ్ముతారు, సినిమా ఇలా ఎందుకు చూపింది. మొదటి కుప్ప చరిత్ర తెలిసిన ఉపాధ్యాయుడికి, రెండోది బహాయీ సభ్యుడికి, మూడోది సినిమా తెలిసినవారికి. కుప్పలు కలిస్తే గొడవ మొదలవుతుంది. ‘తూటా తగల్లేదా’ అన్న ప్రశ్నకు విశ్వాసి జవాబిస్తే ప్రచారమనిపిస్తుంది, ‘ఎందుకు నమ్ముతారు’ అన్నదానికి చరిత్రకారుడు జవాబిస్తే ఎగతాళి అనిపిస్తుంది.

మౌల్వీనీ బహాయీనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి వాదన పెట్టవద్దు. ‘మహమ్మద్ ప్రవక్తే ఆఖరి ప్రవక్త కదా’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. దాన్ని దాటవేస్తే హాలు అంటుకుంటుంది. ముస్లింలకు అది మౌలిక విశ్వాసమనీ, దైవ సందేశం ఆగదని బహాయీలు నమ్ముతారనీ, ఇద్దరి మధ్య ఇది అసలైన తేడా అనీ అధ్యక్షుడు తానే ఒక నిమిషంలో చెప్పి, తరువాతి చీటీ తీయాలి.